బాబుకి చర్మం వెనక్కి రావడం లేదని భయపడకండి

చెల్లీ, పర్లాకిమిడిలో మీ అత్తగారు స్నానం చేయించేటప్పుడు నాలుగేళ్ల బాబుకి పురుషాంగం కొన మీది చర్మం వెనక్కి లాగి నూనె రాయమంటున్నారని, ఉచ్చ పోసేటప్పుడు అక్కడ చిన్న బుడగలా ఉబ్బుతోందని రాశావు కదా. ముందు ఆ లాగడం ఆపించు. పుట్టినప్పుడు ఆ చర్మం లోపలి భాగానికి అతుక్కునే ఉంటుంది, అది దానంతట అదే మెల్లగా విడిపోతుంది, కొందరికి ఐదేళ్లకి, కొందరికి పదేళ్లు దాటాక, ఇంకొందరికి ఈడొచ్చాకే. బలవంతంగా లాగితే చిట్లి, మానాక మచ్చ కట్టి నిజంగానే బిగుసుకుపోతుంది. మా పెద్దోడికి తెలియక నేనూ అలాగే చేశాను, రెండు రోజులు ఉచ్చకి వెళ్లాలంటేనే ఏడ్చాడు, ఆ ఏడుపు ఇప్పటికీ మర్చిపోలేను.

నొప్పి లేకుండా ధార బాగా వస్తుంటే ఆ ఉబ్బు మామూలే. తెల్లటి మైనంలాంటి ముద్దలు కనిపించినా చీము అనుకోకు, రాలిన చర్మకణాలే. పైపైన గోరువెచ్చని నీళ్లతో కడిగితే చాలు, సబ్బు లోపలికి వద్దు. బడిలో ఉచ్చ ఆపుకోవద్దని మాత్రం బాబుకి చెప్పు.

ఎర్రగా వాచినా, చీము, జ్వరం, మంట ఉన్నా, ధార చుక్కలుగా వస్తున్నా పిల్లల డాక్టరుకి చూపించు. వెనక్కి వెళ్లిన చర్మం ముందుకు రాకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు.