జిమ్‌లో ఇచ్చే బాడీ అనాలిసిస్ రిపోర్టును ఎంతవరకు నమ్మాలి?

నల్గొండలో జిమ్‌లో చేరిన రోజే మెషిన్ ఎక్కించి కొవ్వు 32 శాతం, శరీర వయసు 45 అన్నారని, టెన్షన్‌గా ఉందని అడిగారు. ఆ అంకెలు చూసి భయపడకండి.

ఆ మెషిన్ కొవ్వును నేరుగా కొలవదు. పాదాలు, చేతుల గుండా చాలా స్వల్పమైన కరెంటు పంపి ఎంత నిరోధం ఎదురైందో చూస్తుంది. నీరెక్కువ ఉండే కండరంలో కరెంటు తేలిగ్గా పోతుంది, కొవ్వులో పోదు. ఆ నిరోధానికి మీ ఎత్తు, బరువు, వయసు కలిపి ఫార్ములాతో అంచనా కడుతుంది. అందుకే మే నెల ఎండలో తిరిగి, నీళ్లు సరిగా తాగకుండా వెళ్తే కొవ్వు ఎక్కువ చూపించవచ్చు. భోజనం చేసినా, వ్యాయామం చేసినా అంకె మారుతుంది. ఇక ‘శరీర వయసు’కు వైద్యులు ఒప్పుకున్న ప్రమాణమే లేదు. దాన్ని చూపించి ట్రైనింగ్ ప్యాకేజీలు, ప్రొటీన్ డబ్బాలు అంటగట్టడం అన్యాయం.

అదే మెషిన్‌పై పొద్దున్నే పరగడుపున నెలకోసారి చూసుకుంటే మార్పు ఎటు పోతోందో కొంత తెలుస్తుంది. అంతకంటే నడుముకు టేపు పెట్టుకోండి. మనవాళ్లలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే షుగర్, బీపీ చూపించుకోవాలి. పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం ఆ మెషిన్ ఎక్కకూడదు.