తాతగారి పాత నాణేలు ఆన్‌లైన్ వేలంలో అమ్మాలంటే ఏం చూసుకోవాలి?

మీ తాతగారి పెట్టెలో చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయలు, జార్జి రాజు రూపాయలు, కొన్ని పాత నోట్లు దొరికాయని, ఆన్‌లైన్ వేలంలో పెడితే మంచి ధర రావాలంటే ఏం చేయాలని అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఇలాంటి వేలాల్లో కొంటున్నాను, అమ్ముతున్నాను. మా మామగారు దాచిన నాణేలు అమ్మిపెట్టింది కూడా నేనే. బిడ్ వేసేవాళ్లు నాణేన్ని చేత్తో పట్టుకుని చూడలేరు. ఏ చిన్న అనుమానం మిగిలినా ఆ మేరకు బిడ్ తగ్గిస్తారు, లేదంటే పక్క లాట్‌కి (వేలంలో ఒకే బిడ్‌కి పెట్టే నాణెం లేదా నాణేల గుంపు) వెళ్లిపోతారు. ఆ అనుమానాలను మీరే ముందుగా తీర్చగలిగితే ధర దానంతట అదే పెరుగుతుంది.

అన్నిటికన్నా ముందు, దయచేసి వాటిని తోమకండి. వెండి కదా అని విభూతితోనో చింతపండుతోనో రుద్ది తళతళలాడించి ఫొటో తీస్తుంటారు. ఏళ్ల తరబడి వెండి మీద పట్టిన ఆ నలుపు, నీలి ఛాయలే సేకరణదారులకు ఇష్టం. తోమితే సన్నటి గీతలు పడతాయి, అనుభవం ఉన్నవాళ్లు ఫొటోలోనే పట్టేస్తారు. తోమిన నాణెం ధర మళ్లీ వెనక్కి రాదు. పట్టుకునేటప్పుడు కూడా అంచులు మాత్రమే పట్టుకోండి.

తర్వాత మీ దగ్గరున్నవి ఏమిటో తెలుసుకోండి. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. నిజాం రూపాయల్లో చార్మినార్ ద్వారం దగ్గర ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. సంవత్సరం హిజ్రీలో, ఉర్దూ అంకెల్లో ఉంటుంది. చదవడం రాకపోతే తెలిసినవాళ్లకు చూపించి రాసుకోండి. ‘పాత నిజాం నాణెం’ అని ఊరికే రాసిన లాట్‌ని చాలామంది తెరిచి కూడా చూడరు, ఎందుకంటే వాళ్లు వెతికేది ఆ సంవత్సరాన్ని బట్టే.

బ్రిటిష్ రూపాయల్లో 1911 నాటిది దొరికితే విడిగా తీసి పెట్టండి. రాజు వస్త్రం మీది ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని గొడవ రావడంతో ఆ నాణేన్ని వెనక్కి తీసుకుని, 1912లో బొమ్మ సరిచేశారు. 1939 రూపాయి కూడా అరుదైనదే, కాకపోతే దానికి నకిలీలు బాగా తిరుగుతున్నాయి. ఇలాంటివి ఉంటే వాట్సాప్ గ్రూపు వేలాల్లో పెట్టకుండా, పేరున్న నాణేల వేలం సంస్థకు చూపించడం మేలు. వాళ్లు కమిషన్ తీసుకుంటారు, డబ్బు చేతికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. అయినా అసలుదేనని వాళ్లు చెప్పిన మాటకు విలువ ఉంటుంది. మామూలు నాణేలకు గ్రేడింగ్ (నాణెం స్థితిని పరీక్షించి స్థాయి నిర్ణయించడం) చేయించి డబ్బాలో సీల్ వేయించడం మాత్రం దండగ, ఆ ఫీజు కూడా తిరిగి రాదు.

నగల దుకాణాల్లో వాడే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొనుక్కోండి. బ్రిటిష్ వెండి రూపాయి 11.66 గ్రాములు, నిజాం చార్మినార్ రూపాయి సుమారు 11.18 గ్రాములు. అరిగితే కొంచెం తగ్గుతుంది, బాగా తేడా ఉంటే అనుమానించాలి. త్రాసు మీద పెట్టి తీసిన ఫొటోని లాట్‌లో జోడిస్తే సగం ప్రశ్నలు రావు. మిగతా ఫొటోలు పగటిపూట కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తీయండి. రెండు వైపులా, అంచు, కాస్త వాలుగా పట్టి మెరుపు కనిపించేలా ఇంకొకటి. మన ఇళ్లలో రూపాయలకు కొక్కేలు అతికించి దండలుగా వేసుకునేవారు. ఆ అతుకు మచ్చ ఉంటే దాచకండి, దగ్గరగా ఫొటో తీసి, ‘పైన అతుకు గుర్తు ఉంది’ అని రాయండి. లోపం చెప్పినందుకు ధర కొంత తగ్గినా, మీ మిగతా లాట్లకు ధైర్యంగా బిడ్ వేస్తారు. ఇది నేను పదే పదే చూశాను.

బేస్ ప్రైస్, అంటే వేలం మొదలయ్యే ధర విషయానికి వస్తే, అమ్మకానికి పెట్టినవాళ్లు అడుగుతున్న ధరలు చూడకండి. అడగడానికి ఎంతైనా అడగొచ్చు. వేలం సంస్థల సైట్లలో పాత వేలాల్లో నిజంగా పలికిన ధరలు ఉంటాయి, అదే నాణెం, అదే స్థితిలో ఎంతకు పోయిందో అక్కడ చూడండి. మామూలు వెండి రూపాయలకు ఆ రోజు వెండి ధర లెక్కేసి, అంతకు తగ్గకుండా మొదలుపెట్టండి. 1939 వరకు వచ్చిన బ్రిటిష్ రూపాయల్లో 91.7 శాతం వెండి, ఆ తర్వాత 1945 వరకు సగం వెండే. 1947 నాటి రూపాయి నికెల్, అందులో వెండి అసలు లేదు. నలుగురూ వెతికే నాణెమైతే బేస్ తక్కువ పెడితేనే పోటీ వస్తుంది. కానీ బిడ్ వేసేవాళ్లు పదిమంది కూడా లేని గ్రూపులో అలా పెడితే అగ్గువకే పోతుంది. మంచివి ఒక్కొక్కటి, మామూలువి పది కలిపి ఒక లాట్‌గా పెట్టండి. ఆదివారం రాత్రి తొమ్మిది, పది గంటలకు ముగిసే వేలాలకు జనం బాగా ఉంటారు. ఎవరైనా అదనపు ఫొటో అడిగితే ఆ పూటే పంపండి.

నోట్ల సంగతి. ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకో, వైష్ణోదేవి నాణేనికో లక్షలు ఇస్తామని వచ్చే వీడియోలు నమ్మకండి. రిజిస్ట్రేషన్ ఫీజు, పన్ను అంటూ ముందుగా డబ్బు లాగడమే వాళ్ల పని. రిజర్వ్ బ్యాంకు పేరు, లోగో వాడుకుని ఇలా మోసం చేస్తున్నారని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే హెచ్చరించింది. మీకు డబ్బు రావాలంటే యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. పేమెంట్ స్క్రీన్‌షాట్ పంపినా, మీ ఖాతాలో జమ అయిందని చూసుకున్నాకే పార్శిల్ కట్టండి. నాణెం కదలకుండా అట్టల మధ్య టేపు వేసి, ప్యాక్ చేస్తుండగా వీడియో తీసి, ఇన్సూరెన్స్‌తో పంపండి.

చట్టం గురించి కూడా చెప్పాలి. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు, విదేశాలకు పంపకూడదు. అమెరికాలో ఉన్నవాళ్లు ఎక్కువ ఇస్తామన్నా ఒప్పుకోకండి. పెట్టెలో కాకుండా పొలంలో తవ్వుతుంటే దొరికినవైతే అసలు అమ్మకానికే పెట్టకూడదు, ముందు జిల్లా కలెక్టర్‌కు తెలియజేయాలి.

ఒక లాట్ అమ్ముడుపోకపోతే టెన్షన్ పడి మర్నాడే ధర తగ్గించి పెట్టకండి, చూసేవాళ్లు ఇంకా తగ్గుతుందని ఆగుతారు. నెల రోజులు ఆగి, కొత్త ఫొటోలతో వేరే గ్రూపులో పెట్టి చూడండి.