ఇద్దరి షరతులూ ఒకే గ్రాఫ్ మీద

ప్రశ్న: మాది ఖమ్మం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. నెల ఖర్చులు 35 వేలు పోను 20 వేలు మిగులుతోంది. బ్యాంకులో 60 వేలున్నాయి. ఆరేళ్ల పాప పేరున సుకన్య సమృద్ధి (ఆడపిల్లల కోసం ప్రభుత్వ పొదుపు పథకం) ఖాతా తెరిచి, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత వేయడం) కూడా మొదలుపెడదామనుకుంటున్నాం. సిప్ 4 వేలకు తగ్గొద్దని నేను, సుకన్యలో వేసేదాన్ని సిప్ మించొద్దని మావారు. దేనికెంత వేయాలి?

జవాబు: అమ్మా, ఇలాంటి ప్రశ్న వస్తే నేను ముందు గ్రాఫ్ కాగితం తీస్తాను. మీరూ ఒకటి తీసుకోండి. అడ్డంగా సుకన్య, నిలువుగా సిప్, గడికి వెయ్యి రూపాయలు.

రెండూ కలిపి 20 వేలు దాటకూడదు. అందుకని ఈ అక్షం మీది 20 నుంచి ఆ అక్షం మీది 20కి ఏటవాలుగా గీత గీయండి. ‘దాటకూడదు’ అన్నాం కాబట్టి గీతతో పాటు దానికి ఒక పక్కంతా మనకు పనికొస్తుంది. ఏ పక్క? రెండింటికీ సున్నా పెట్టి చూడండి. మొత్తం సున్నా, 20 దాటలేదు. కాబట్టి మూలబిందువు, అంటే రెండు అక్షాలూ కలిసే సున్నా చోటు, ఉన్న వైపు పెన్సిల్‌తో రుద్దండి. సుకన్యలో ఏడాదికి లక్షన్నర మించి వేయనివ్వరు, అంటే నెలకు 12,500. అక్కడ నిటారుగా గీత, ఎడమ వైపు మనది. సిప్ 4 దగ్గర అడ్డగీత, పైవైపు మనది.

తడబడేది మీవారి షరతు దగ్గరే. సిప్, సుకన్య సమానమయ్యే గీత మూలబిందువు గుండానే పోతుంది, అందుకని అక్కడ సున్నాల పరీక్ష పనికిరాదు. సుకన్య 10, సిప్ 0 పెట్టండి. షరతు నిలిచింది, కాబట్టి కింది వైపు. నాలుగు రుద్దుళ్లూ ఒకదాని మీదొకటి పడి నల్లబడ్డ చోట ఇద్దరి మాటా చెల్లుతుంది. సుకన్య ముందు, సిప్ తర్వాత చెబితే దాని మూలలు 4–4, 12.5–4, 12.5–7.5, 10–10.

నాకు టెన్షన్ పెట్టింది మాత్రం ఆ 60 వేలు. ఆరు నెలల ఖర్చు, అంటే 2,10,000 చేతికందేలా ఉండాలి. లక్షన్నర తక్కువుంది. సుకన్యలో వేసింది ఇంటి అవసరానికి తీయడానికి కుదరదు. అందుకని నెలకు 5 వేలు బ్యాంకులోనే ఉంచండి. అప్పుడు 20 గీత 15కి జరుగుతుంది. మళ్లీ గీస్తే నల్లటి చోటు త్రిభుజమవుతుంది: 4–4, 11–4, 7.5–7.5. 12,500 గీత దాన్ని తాకనే తాకదు, ఇప్పటికి ఆ పరిమితిని మరిచిపోవచ్చు.

ఈ త్రిభుజంలో నా ఎంపిక సుకన్య 9 వేలు, సిప్ 6 వేలు. సగం సగం ఎందుకు వద్దంటే, సిప్ మీకు కొత్త. మార్కెట్ పడిన నెలలో కూడా ఆపేయాలనిపించని మొత్తంతో మొదలుపెట్టాలి. సుకన్య వడ్డీ 2024 జనవరిలో 8.2 శాతం చేశారు, ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. డబ్బు మాత్రం 5వ తేదీ లోపే వేయండి, దాటితే దాని మీద ఆ నెల వడ్డీ రాదు.

30 నెలల్లో లక్షన్నర నిండుతుంది. ఆ నెల గీత మళ్లీ 20కి జరపాలి, కాబట్టి ఈ కాగితం పాస్‌బుక్కులో పెట్టుకోండి.