టికెట్ మీద "రూట్" అని ఒక లైను ఉంటుంది, ముందు అది చదవండి

ప్రశ్న: అన్నా నమస్తే. మాది హనుమకొండ. జనవరి ఇన్‌టేక్‌లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ వచ్చిన. మొన్న లండన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఫోన్‌లో టికెట్ తీసుకుని, అక్కడి యూస్టన్ స్టేషన్‌లో ముందు కనిపించిన కోవెంట్రీ బండి ఎక్కితే, ఈ టికెట్ ఈ బండికి చెల్లదని ఇంకో ఫుల్ టికెట్ కొనిపించారు. తేదీ అదే, ఊళ్లు అవే, పైసలు కట్టిన. అయినా చెల్లకపోవడం ఏంది? వేసవిలో అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లతో ఇట్లయితే ఎట్ల అని టెన్షన్‌గా ఉంది.

తమ్మీ, నిన్నెవరూ మోసం చేయలేదు. నీ టికెట్ అసలుదే, నువ్వెక్కిన బండే వేరు. ఫోన్‌లో ఆ టికెట్ మళ్లీ తెరిచి చూడు. ఊళ్ల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి, అందరూ అక్కడితో ఆగిపోతారు. ఇంకాస్త కిందికి వస్తే "రూట్" అని ఉంటుంది, దాని పక్కన నీకు "ఎల్‌ఎన్‌ఆర్" అనే మాట కనిపిస్తుందని నా అనుమానం. ఇక్కడ ఒకే దారిలో వేర్వేరు కంపెనీలు బండ్లు నడుపుతాయి. నీ టికెట్ అయితే లండన్ నార్త్‌వెస్టర్న్ అనే కంపెనీ బండ్లకే, వాటిలోనే ఎక్కాలి. యూస్టన్ నుంచి కోవెంట్రీకి అవంతీ అనే ఇంకో కంపెనీ వాళ్లు గంటలో తీసుకుపోతారు, లండన్ నార్త్‌వెస్టర్న్ వాళ్లు నిదానంగా ఆగుకుంటూ పోతారు, అందుకే చవక. ప్లాట్‌ఫాం నంబరు బోర్డు మీద పడగానే యూస్టన్‌లో జనమంతా ఒక్కసారిగా ఉరుకుతారు కదా, ఆ ఉరుకులాటలో బండి ఎవరిదని చూసే తీరిక కొత్తవాళ్లకు ఎక్కడిది? కానీ బోర్డు మీద కంపెనీ పేరు కూడా వస్తుంది. అది చూసి ఉరుకు.

మనకు ఇది ఎందుకు కొత్తగా ఉంటుందంటే, మన దగ్గర బండి ఎంచుకున్నప్పుడే దారి కూడా తేలిపోతుంది. సికింద్రాబాద్ నుంచి తిరుపతికి పద్మావతి ఎక్కితే కాజీపేట, వరంగల్, విజయవాడ మీదుగా పోతావు, నారాయణాద్రి ఎక్కితే నల్గొండ, గుంటూరు మీదుగా పోతావు. రిజర్వేషన్ టికెట్ మీద బండి నంబరు, బోగీ, బెర్తు అన్నీ ఉంటాయి, టీసీ చార్టులో పేరు చూసుకుని వెళ్లిపోతాడు. ఇక్కడ, ఒకే బండికని ముందే కొనే అడ్వాన్స్ టికెట్ కాకుండా, ఎనీటైమ్ (ఎప్పుడైనా పోవచ్చు), ఆఫ్‌పీక్ (రద్దీ లేని వేళల్లో పోవాలి) అని అమ్మేవాటిలో బండి నంబరే ఉండదు. బండి నీ ఇష్టం, కానీ తేదీ, టైము, రూటు మూడూ కలవాలి. నువ్వు మొదటి రెండూ చూసుకున్నావు.

రూటు దగ్గర రాసే మాటలు చాలా రకాలు. "ఎనీ పర్మిటెడ్" అని ఉంటే అన్నిటికన్నా సుఖం, ధర కూడా అట్లనే ఉంటుంది. "వయా ఫలానా ఊరు" అని ఉంటే ఆ ఊరి మీదుగానే పోవాలి. లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు యూస్టన్‌లో ఎక్కితే రగ్బీ, కోవెంట్రీ దారి, లండన్‌లోనే ఇంకో స్టేషన్ మేరిలిబోన్‌లో చిల్టర్న్ కంపెనీ బండి ఎక్కితే హై వైకమ్, బాన్‌బరీ దారి. హై వైకమ్ దారికని తీసుకున్న చవక టికెట్ పట్టుకుని యూస్టన్‌కు పోతే అది అక్కడ చెల్లదు. "నాట్ వయా లండన్" అని ఇంకోటి ఉంటుంది. రీడింగ్ నుంచి గాట్విక్ ఎయిర్‌పోర్టుకు గిల్డ్‌ఫర్డ్ మీదుగా నేరుగా బండి ఉంది, లండన్ లోపలికి పోయి కూడా రావచ్చు, ఈ మాట ఉన్న టికెట్‌తో మాత్రం లండన్ వైపు పోవద్దు. లండన్‌లో ఒక స్టేషన్‌లో దిగి ఇంకో స్టేషన్‌లో ఎక్కాల్సిన టికెట్ల మీద చిన్న శిలువ గుర్తు ఉంటుంది. అది ఉంటే మధ్యలో అండర్‌గ్రౌండ్ (లండన్ మెట్రో) చార్జీ కూడా అందులోనే వచ్చినట్టు, మెట్రోలో వాడే ఆయిస్టర్ కార్డు తీసి మళ్లీ కట్టకు.

ఇప్పుడు "ఎనీ పర్మిటెడ్" సంగతి. ఎవరు పర్మిట్ చేస్తారు, ఎట్ల తేలుస్తారు అని చాలామంది అడుగుతారు. ఇక్కడి రైల్వేను 1990ల్లో ప్రైవేటు చేసి ముక్కలు చేశాక, ఒకే టికెట్ మీద ఏయే కంపెనీ దారుల్లో పోవచ్చో రాసిపెట్టాల్సి వచ్చింది. దాన్నే నేషనల్ రైల్ రూటింగ్ గైడ్ అంటారు. మొదట చూసేది, నువ్వు ఎక్కే చోటు నుంచి దిగే చోటుకు నేరుగా పోయే బండి ఉందా అని. ఉంటే అది చెల్లుతుంది. రెండోది, పట్టాల మీద కొలిస్తే అన్నిటికన్నా దగ్గర దారి ఏదని. పెద్దపల్లి నుంచి నిజామాబాద్ తీసుకో, 2017లో కరీంనగర్, జగిత్యాల మీదుగా లైను పూర్తయ్యాక అదే దగ్గర దారి, అంతకుముందు కాజీపేట, సికింద్రాబాద్ చుట్టి రావాల్సిందే. ఇక్కడి లెక్కలో అయితే దగ్గర దారి ఎప్పుడూ చెల్లుతుంది, చుట్టుదారి గైడ్‌లో ఉంటేనే చెల్లుతుంది. ఆ గైడ్ మూడోది, తలనొప్పంతా అందులోనే. పెద్ద స్టేషన్లను రూటింగ్ పాయింట్లంటారు, చిన్న స్టేషన్లను దగ్గరున్న పాయింట్లకు ముడిపెడతారు, ప్రతి రెండు పాయింట్ల మధ్య ఏయే మ్యాపులు వాడొచ్చో అక్షరాల కోడ్‌లతో పట్టిక ఉంటుంది. ఆ మ్యాపుల్లో గీత వెంబడి పోగలిగితే ఆ దారి చెల్లినట్టు. ఒకసారి దాటిన స్టేషన్‌కే మళ్లీ తిరిగి రావడం మామూలుగా కుదరదు. కుదిరే చోట్ల "ఈజ్‌మెంట్" అని విడిగా మినహాయింపు రాస్తారు. నాకు ఇది చదవడం ఒక పిచ్చి సరదా, నువ్వు చదవనక్కర్లేదు.

నువ్వు చేయాల్సింది ఇంతే. నేషనల్ రైల్ వెబ్‌సైట్‌లో బయలుదేరే ఊరు, చేరే ఊరు పెట్టి, "వయా" దగ్గర నువ్వు పోదామనుకున్న ఊరు పెట్టు. ఉదాహరణకు లెస్టర్‌లో ఉన్న నీ దోస్తు కోవెంట్రీ రావాలంటే ననీటన్‌లో మారడం దగ్గర దారి. బర్మింగ్‌హామ్‌లో బిర్యానీ తిని వద్దామని అటు తిరిగితే అదే టికెట్ చెల్లుతుందా? వయా బర్మింగ్‌హామ్ అని పెట్టి చూడమను. అదే ధరకు, అదే రూటు పేరుతో టికెట్ చూపిస్తే చెల్లినట్టే, ధర పెరిగితే అది వేరే టికెట్. చూపించిన ప్రయాణ వివరాలను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. గార్డుతో మాటా మాటా వచ్చినప్పుడు నోటితో చెప్పేదానికన్నా అది బాగా పనిచేస్తుంది.

మధ్యలో దిగడం గురించి కూడా చెప్తా, మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే. ఎనీటైమ్ టికెట్‌తో దారిలో దిగి, టీ తాగి, తర్వాతి బండి ఎక్కొచ్చు, ఆఫ్‌పీక్‌లో కూడా చాలావరకు కుదురుతుంది. అడ్వాన్స్ టికెట్‌తో కుదరదు. బర్మింగ్‌హామ్ టికెట్ చవకగా దొరికిందని అది తీసుకుని కోవెంట్రీలో దిగిపోవడం తెలివి అనుకుంటారు కొందరు. మన దగ్గర ఖమ్మం టికెట్ తీసుకుని వరంగల్‌లో దిగితే అడిగే నాథుడు లేడు. ఇక్కడ అడ్వాన్స్ టికెట్‌తో అది తప్పే, గేటు దగ్గర పట్టుకోవచ్చు.

అదే టికెట్‌ను ముక్కలుగా కొనడం మాత్రం పూర్తిగా సక్రమం. బర్మింగ్‌హామ్ నుంచి బ్రిస్టల్‌కు ఒకటే తీసుకునే బదులు చెల్టెన్‌హామ్ దాకా ఒకటి, అక్కణ్నుంచి ఒకటి తీసుకుంటే ఒక్కోసారి తక్కువ పడుతుంది. దిగనక్కర్లేదు, సీట్లోనే కూర్చోవచ్చు, కాకపోతే ఆ బండి చెల్టెన్‌హామ్‌లో ఆగాలి. ఆగకుండా పోయే బండి అయితే నీ రెండు టికెట్లూ కలవవు.

పట్టుబడితే ఏమవుతుంది? అడ్వాన్స్ కాని టికెట్‌తో దారి తప్పితే సాధారణంగా ధరలో తేడా కట్టించుకుంటారు. ఒక కంపెనీకే పరిమితమైన టికెట్‌తో వేరే కంపెనీ బండి ఎక్కినా, అడ్వాన్స్ టికెట్‌తో వేరే బండి ఎక్కినా టికెట్ లేనట్టే చూస్తారు. నీతో కొత్త టికెట్ కొనిపించింది అందుకే, అంతటితో పోయిందని సంతోషించు. ఇంగ్లండ్‌లో 2023 జనవరి నుంచి పెనాల్టీ ఫేర్ (జరిమానా) 100 పౌండ్లు, దానిపైన సింగిల్ టికెట్ ధర. 21 రోజుల్లో కడితే ఆ 100 కాస్తా 50 అవుతుంది. కావాలని ఎగ్గొట్టారనుకుంటే కేసు కోర్టుకు పోవచ్చు, వీసా మీద ఉన్నవాళ్లకు ఆ తలనొప్పి అసలే వద్దు. వాట్సాప్ గ్రూపుల్లో "ఎక్కెయ్ బ్రో, ఎవడూ చూడడు" అనే మహానుభావుడు జరిమానా కట్టేటప్పుడు ఫోన్ ఎత్తడు.

ఇంకా ప్రైవేటు చేతిలో మిగిలిన ఈ కంపెనీలు చాలావరకు 2025 మే నుంచి ఒక్కొక్కటిగా ప్రభుత్వం చేతికి వస్తున్నాయి, సౌత్ వెస్టర్న్‌తో మొదలైంది. ఇక అంతా ఒకటే కదా అని ఏ బండి పడితే అది ఎక్కకు, టికెట్ మీద రూటు ఏముంటే అదే ఇప్పటికీ లెక్క.

అమ్మానాన్న సంగతికొస్తే, వాళ్లకు 60 దాటితే సీనియర్ రైల్‌కార్డు తీసుకో, ఇక్కడ ఉండేవాళ్లకే అన్న షరతు లేదు, చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది. తిరగడానికి వాళ్లకు "ఎనీ పర్మిటెడ్" ఆఫ్‌పీక్ టికెట్లే కొను, నాలుగు పౌండ్లు ఎక్కువైనా పర్వాలేదు, ఏ బండి తప్పినా తర్వాతిది ఎక్కొచ్చు. ఇక దిగిన రోజు హీత్రో నుంచి రైలు జోలికే పోకు. కోవెంట్రీకి నేరుగా రైలు లేదు, పచ్చళ్ల సూట్‌కేసులతో లండన్ లోపలికి పోయి, యూస్టన్‌లో ఆ ఉరుకులాటలో అమ్మను ఉరికించాలి. ఎయిర్‌పోర్టు బస్ స్టేషన్ నుంచి నేషనల్ ఎక్స్‌ప్రెస్ కోచ్ ఉంటుంది, సామాను కిందపెట్టి పడుకుని వస్తారు. ఫ్లైట్ లేటయ్యే రోజులు ఉంటాయి కాబట్టి టైము మార్చుకునే వీలున్న టికెట్ చూసి కొను.