‘మటన్ మీరేనా?’ అంటే తప్పా?

సందేహం: మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ బిర్యానీ హోటల్‌కి వెళ్ళి రెండు చికెన్ దమ్, ఒక మటన్ చెప్పాం. సర్వర్ ప్లేట్లు తెచ్చి, తెలుగు పండితులుగా రిటైరైన మా మామగారిని “సార్, మటన్ మీరేనా?” అని అడిగాడు. ఆయన మొహం మాడ్చుకుని “మనిషిని పట్టుకుని మటన్ అంటాడేమిటి? ‘మీదేనా’ అనాలి” అన్నారు. మావారేమో అప్పటికే “నేను చికెన్” అనేశారు. ఇవి ఇంగ్లిష్ చూసి నేర్చుకున్న తప్పులా? ఇంకో సందేహం. ‘దమ్ బిర్యానీ’లో దమ్, ‘దమ్ముంటే రా’లో దమ్ము ఒకటేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మామగారు చెప్పిన ‘మీదేనా’ చక్కని మాట. అలాగని సర్వర్ అన్నది తప్పూ కాదు, ఇంగ్లిష్ నుంచి దిగుమతి అయిందీ కాదు. ఒక వస్తువు పేరు చెప్పి దానితో సంబంధం ఉన్న మనిషిని సూచించడం మనకు కొత్తేమీ కాదు. ఆలంకారికులు దీన్ని ‘లక్షణ’ అన్నారు. 11వ శతాబ్దపు మమ్మటుడి కావ్యప్రకాశంలోనే ‘కుంతాః ప్రవిశంతి’ అన్న ఉదాహరణ ఉంది. ఈటెలు లోపలికి వస్తున్నాయని దాని అర్థం. ఈటెలు నడిచి రావు కదా, వాటిని పట్టుకున్నవాళ్ళు వస్తున్నారన్నమాట. ‘మంచాః క్రోశంతి’, అంటే మంచెలు అరుస్తున్నాయి అన్నదీ ఇలాంటిదే. మామగారు వీటిని ఎన్నిసార్లు పాఠం చెప్పి ఉంటారో!

ఆదివారం మధ్యాహ్నం రద్దీలో సర్వర్‌కి మీ పేర్లు తెలియవు, మొహాలు గుర్తుండవు. గుర్తుండేది ప్లేటే. వంటగది గుమ్మం దగ్గర కాసేపు నిలబడితే “నాలుగో టేబుల్ బిల్లు అడుగుతోంది” అన్న కేక వినబడుతుంది. మంచె అరవగా లేని తప్పు టేబుల్ బిల్లు అడిగితే వచ్చిందా?

ఇక్కడ తెలుగులో ఒక ముచ్చట ఉంది. ‘టేబుల్ అడుగుతోంది’, ‘ఊరంతా నిద్రపోయింది’ అన్నప్పుడు క్రియ వస్తువును బట్టి వచ్చింది. ‘ఆటో, బెంజ్ సర్కిల్ వస్తావా?’ అన్నప్పుడు మాత్రం పిలిచింది బండిని, క్రియ చేరింది మనిషికి. ‘మటన్ మీరేనా?’ ఈ రెండో రకం. పైగా ‘మీరు’ అనే గౌరవం ఎక్కడికీ పోలేదు. మామగారు ఆ మాటను పట్టించుకున్నట్టు లేదు.

ఇక మీవారి ‘నేను చికెన్’. ఇది నాకు మరీ నచ్చింది. మనం ‘నేను మాస్టారిని’, ‘నేను తెలుగువాణ్ణి’ అంటాం. నేనెవరో చెప్పేటప్పుడు చివర ఆ ‘ని’ చేరుస్తాం. (ఈమధ్య ‘నేను ఇంజనీర్’ అని దాన్ని మింగేస్తున్నవాళ్ళూ ఉన్నారు, అది వేరే సంగతి.) కానీ హోటల్లో ఎంత ఆకలితో ఉన్నవాడైనా ‘నేను చికెన్‌ని’ అనడు. అంటే నిజంగానే కోడైపోతాడు! ‘నేను చెప్పింది చికెన్’ అన్న వాక్యంలో మధ్య మాట ఎగిరిపోయి ‘నేను చికెన్’ మిగిలింది. వ్యాకరణం చదవనివాళ్ళ నాలుక కూడా ఈ తేడా పాటిస్తుంది.

అసలు మీ ఉత్తరమే చూడండి. ‘రెండు చికెన్ దమ్, ఒక మటన్ చెప్పాం’ అని రాశారు. అందులో బిర్యానీ అన్న మాటే లేదు. దానికి మామగారు కూడా అభ్యంతరం చెప్పలేదు.

అయితే చోటు చూసుకోవాలి. ఇంటికి భోజనానికి పిలిచిన వియ్యంకుణ్ణి ‘మటన్ మీరేనా?’ అని అడిగితే ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ ‘మీకు మటన్ వడ్డించమంటారా, అన్నయ్యగారూ?’ అనాల్సిందే.

ఇక రెండో సందేహం. రెండు దమ్‌లూ ఒకటే. పారసీలో ‘దమ్’ అంటే ఊపిరి. గిన్నె మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, ఆవిరి బయటికి పోకుండా సన్నటి సెగ మీద మగ్గనిస్తే అది దమ్ బిర్యానీ. ఊపిరి బిగబట్టి నిలబడే సత్తా ఉంటే అది దమ్ము. బీడీ పీల్చడాన్ని దమ్ము లాగడం అనేదీ, ఆయాసాన్ని దమ్ము అనేదీ ఈ మాటతోనే.