'ది మూవీగోయర్' నవల యాభై పేజీల దగ్గర ఆపేశాను, అమెరికన్ రచయిత వాకర్ పెర్సీని ఇక వదిలేయొచ్చా?

మీ ప్రశ్న పైకి ఒక్క లైనే అయినా కింద రాసిన వివరణలో అసలు సంగతి ఉంది: "హీరోకి డబ్బుంది, ఉద్యోగముంది, కారుంది, తిరగడానికి అమ్మాయిలున్నారు. యాభై పేజీలైనా ఏమీ జరగదు. అసలు వీడికి బాధేంటి?"

వదిలేయొచ్చు, తప్పేం లేదు. నేనూ మొదటిసారి దాదాపు అక్కడే మూసేశాను. రెండోసారి తెరిచింది టీబీతో మంచాన ఉన్నప్పుడు. కాబట్టి నా అభిప్రాయంలో ఆ జబ్బు వాటా కూడా కొంత ఉంటుంది, కొంచెం తగ్గించుకుని చదవండి.

నేను డాక్టర్ని. పీజీ మొదటి సంవత్సరంలో రోజూ సాయంత్రం జ్వరం, దగ్గు. మూడు వారాలు నాకు నేనే ఏవో మాత్రలు రాసుకుని మింగాను. పేషెంటు ఎవరైనా ఇలా చేస్తే కసిరేవాణ్ణి. తెమడ పరీక్ష పాజిటివ్ వచ్చాక సెలవు పెట్టి తెనాలి వెళ్లిపోయాను. అమ్మ మేడ మీద గది ఇచ్చి, కంచం, గ్లాసు వేరు చేసి, వీధిలో అందరికీ "అబ్బాయికి కామెర్లు" అని చెప్పింది. కామెర్లయితే పరువుకి ఇబ్బంది లేదు మరి! పసరు మందు ఎక్కడ పోస్తారో చెప్పడానికి ఇద్దరు ఇంటికొచ్చారు కూడా.

అప్పుడు మా సీనియర్ ఒకాయన ఈ పుస్తకం పంపి, "రాసినాయనా డాక్టరే, ఆయనదీ నీ జబ్బే" అని మెసేజ్ పెట్టారు. నిజమే. పెర్సీ 1916లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. తాత తుపాకీతో కాల్చుకుని పోయాడు. పెర్సీకి పదమూడేళ్లప్పుడు తండ్రీ అలాగే పోయాడు. మరో మూడేళ్లకి తల్లి నడుపుతున్న కారు వాగులో పడి ఆవిడా పోయింది. వరసకి బాబాయి లాంటి విలియం అలెగ్జాండర్ పెర్సీ మిసిసిపీలోని గ్రీన్‌విల్‌లో ముగ్గురు అన్నదమ్ముల్నీ పెంచాడు. 1941లో కొలంబియాలో డాక్టరీ పూర్తిచేసి, న్యూయార్క్ బెల్‌వ్యూ ఆస్పత్రిలో పోస్టుమార్టాలు చేస్తూ క్షయ అంటించుకున్నాడు. క్షయని తగ్గించే స్ట్రెప్టోమైసిన్ ఇంకా రాలేదు. మందంటే విశ్రాంతి, చల్లగాలి, అంతే. సారనాక్ లేక్ అనే ఊళ్లో క్షయ రోగుల శానిటోరియంలో పడుకుని తత్వవేత్త కీర్కెగార్డ్‌నీ రష్యన్ నవలాకారుడు దస్తయేవ్‌స్కీనీ చదివాడు. ఆ తర్వాత ప్రాక్టీసు పెట్టనే లేదు. మొదటి నవల అచ్చయ్యేసరికి 1961, ఆయనకి నలభై అయిదు నిండుతున్నాయి. మరుసటి ఏడు దానికే నేషనల్ బుక్ అవార్డు వచ్చింది.

ఇక మీ ప్రశ్నకి వస్తాను. మీరన్న హీరో బింక్స్ బోలింగ్‌కి బాధేమీ లేదు, అదే కథ. ముప్పై నిండబోతున్న షేర్ బ్రోకరు, న్యూ ఆర్లియన్స్‌లో జెంటిలీ అనే మధ్యతరగతి పేటలో అద్దెకుంటాడు, సినిమాలు చూస్తాడు. కొరియా యుద్ధంలో గాయపడి ఒక పొద కింద తెలివొచ్చినప్పుడు, ముక్కుకి జానెడు దూరంలో ఒక పేడపురుగు ఆకుల కింద గీరుతూ కనిపిస్తుంది. ఆ పురుగుని చూస్తూ, తనకేదో దొరకబోతోందని అనిపిస్తుంది వాడికి. బతికి బయటపడితే దీని సంగతేదో వెతకాల్సిందే అనుకుంటాడు. గాయం మానింది, ఇంటికొచ్చాడు, మర్చిపోయాడు. మళ్లీ ఇన్నేళ్లకి ఒక పొద్దున, రాత్రి జేబుల్లోంచి తీసి బల్ల మీద పడేసిన పర్సు, పెన్సిలు, తాళాలు, చేతిరుమాలు కంటికి కొత్తగా కనిపిస్తాయి. రోజూ అక్కడే ఉండేవే. ఇదంతా మొదటి అధ్యాయంలోనే ఉంది, మీరు దాటొచ్చేశారు. నేనూ దాటొచ్చేశాను.

మంచంలో చదువుతున్నప్పుడు మాత్రం దాటలేకపోయాను. మా కిటికీ ఎదురుగా నీళ్ల ట్యాంకు. పొద్దున్నే పొర్లేది, కింద నుంచి అమ్మ "మోటరూ!" అని కేకేసేది. పొర్లిన నీళ్లు కారి గోడ మీద ఒక పాచి చార. పొద్దున పచ్చగా మెరిసి, మధ్యాహ్నానికి నల్లబడి, సాయంత్రానికి అంచుల్లో పొట్టు లేచేది. నేను పెరిగిన ఇల్లే అది. ఆ చార ఎన్నేళ్లుగా ఉందో, ఒక్కసారీ చూళ్లేదు. ఆ నెలంతా చూశాను. అబద్ధమెందుకు, ఆ గదిలో నేను సంతోషంగానే ఉన్నాను. నవలలో బింక్స్ బంధువు కేట్ అనే అమ్మాయి ఉంటుంది. పెళ్లి చేసుకోవాల్సినవాడు కారు ప్రమాదంలో పోయాడు. జబ్బో చావో ఆపదో వచ్చినప్పుడే మనుషులు నిజంగా మనుషుల్లా కనిపిస్తారని ఆమె అంటుంది. ఆ పేజీ మూల మడిచి పెట్టాను.

ఆరు నెలల కోర్సు అయింది, డ్యూటీకి వెళ్లాను. రెండు నెలల్లో అంతా మామూలే. తర్వాత సంక్రాంతికి ఇంటికెళ్తే, నాన్న మేడకి రంగు వేయించారని అమ్మ చెప్తే తెలిసింది. నేను గమనించలేదు.

పెర్సీ ఇంకో నవల 'ది లాస్ట్ జెంటిల్‌మన్' (1966)లో ఇదే మాట ఇంకో రకంగా ఉంటుంది. అందులో విల్ బారెట్‌కి తుఫాను వస్తే ప్రాణం తేలికపడుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను విశాఖలో హౌస్ సర్జన్‌ని. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఏడాదిగా ముఖాలు చూసుకోనివాళ్లం హాస్టల్ మెట్ల మీద ఒకే గిన్నెలో ఉప్మా తిన్నాం. కరెంటొచ్చిన రాత్రి ఎవరి గదికి వాళ్లు పోయి తలుపేసుకున్నారు. ఇల్లు కూలినవాళ్ల దగ్గర ఈ మాటంటే కొడతారు, కొట్టడం న్యాయమే. పెర్సీ మనుషులంతా ఏ పూటకాపూట వెతుక్కోనక్కర్లేనివాళ్లే అన్న మీ చిరాకులో సగం నాకూ ఉంది. సెక్రటరీలతో బింక్స్ షికార్లు నాకు విసుగే. నల్లవాళ్లు కథ అంచుల్లోనే మిగిలిపోతారు. అత్త ఇంట్లో పనిచేసే మెర్సర్ ఎదురైతే బింక్స్‌కి ఇబ్బందిగా ఉంటుంది. కానీ ఆ ఇబ్బంది ఎక్కణ్నుంచి వస్తోందో నవల లోతుగా తవ్వదు.

మళ్లీ ప్రయత్నిస్తానంటే ఆపిన చోటు నుంచి కాదు, మొదటి పేజీ నుంచి, రోజుకి పది పేజీలు. ఆయన మరో నవల 'లాన్స్‌లాట్' ఇప్పుడే ముట్టుకోకండి, ఒక ఉన్మాది ఏకపాత్రాభినయం అది.

కథ కావాలంటే 'ది సెకండ్ కమింగ్' (1980) పట్టుకోండి. అదే విల్ బారెట్, ఇప్పుడు నడివయసు, భార్య పోయింది, బోలెడు ఆస్తి. దేవుడున్నాడో లేడో తేల్చుకుందామని నిద్రమాత్రలు పట్టుకుని ఒక గుహలోకి వెళ్లి కూర్చుంటాడు. ఉంటే గుర్తు చూపిస్తాడు, లేకపోతే తను చచ్చిపోతాడు, అదీ లెక్క. గుర్తేమీ రాలేదు. పన్నునొప్పి వచ్చింది. ఓర్చుకోలేక బయటికి పాక్కుంటూ వచ్చి, దారి తప్పి, పిచ్చాసుపత్రి నుంచి పారిపోయిన ఒక అమ్మాయి తలదాచుకుంటున్న పాత గ్లాస్‌హౌస్‌లోకి దబ్బున పడతాడు.