పిల్లాడి థెరపీకి 78,000 ముందే కట్టమంటున్నారు.. ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. కుదురుగా కూర్చోడని, నోట్సు సగంలో వదిలేస్తాడని టీచర్ ఏడాదిగా చెబుతున్నారు. ఒక థెరపీ సెంటర్‌లో 40 నిమిషాలు చూసి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) అన్నారు. వారానికి మూడు చొప్పున 60 సెషన్లు, ఒక్కోటి రూ.1,500. నెలాఖరులోగా మొత్తం కడితే 90,000 బదులు 78,000 చాలట. లేదంటే ఈఎంఐ పెట్టుకోమన్నారు. మావారిది ప్రైవేటు ఉద్యోగం, జీతం 58,000. మాకున్నది 1.8 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే. తీయమంటారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తీయొద్దు. ఈఎంఐ కూడా పెట్టుకోవద్దు. బాబుకు సాయం అక్కర్లేదని కాదు. ఏ సాయం కావాలో తేలకముందే ఐదు నెలల డబ్బు కట్టేయొద్దంటున్నాను.

ముందు వాళ్లు ఇస్తామన్న తగ్గింపు సంగతి చూద్దాం. 78,000ను 1,500తో భాగిస్తే 52. అంటే 60 సెషన్లలో 52కు మించి హాజరైతేనే మీకు ఆదా. ఇరవై వారాల్లో ఒక జ్వరం, ఒక పరీక్షల వారం, పండక్కి ఊరెళ్లడం.. ఎనిమిది సెషన్లు ఇట్టే పోతాయి. పదో సెషన్‌కే థెరపిస్టు మానేసి వెళ్లిపోయినా, బాబుకు వాళ్లతో పొసగకపోయినా మిగతా డబ్బు వెనక్కి రాబట్టుకోవడం మీ తలనొప్పే. ఈఎంఐ అయితే చిక్కు ఇంకా ఎక్కువ. సెంటర్‌కు డబ్బు ముందే ముడుతుంది, అప్పు మాత్రం మీకూ ఫైనాన్స్ సంస్థకూ మధ్య నడుస్తుంది. థెరపీ ఆగినా కిస్తీ ఆగదు. కట్టకపోతే మీవారి సిబిల్ స్కోరు పడిపోతుంది.

ఇక 40 నిమిషాల నిర్ధారణ. ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్షగానీ స్కానింగ్‌గానీ లేదు. లక్షణాలు 12 ఏళ్లలోపు మొదలై, కనీసం ఆర్నెల్లుగా ఉంటూ, బడిలోనూ ఇంట్లోనూ ఇబ్బంది పెడుతున్నాయా అని చూడాలి. అందుకే తల్లిదండ్రులతో పాటు టీచరు చేతా ప్రశ్నావళి నింపిస్తారు. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. సరిగా వినపడని పిల్లాడూ, రాత్రి నిద్ర చాలని పిల్లాడూ, అక్షరాలు చదవలేక అవస్థపడే పిల్లాడూ క్లాసులో ధ్యాస లేనట్టే కనిపిస్తారు. కాబట్టి చూపు, వినికిడి పరీక్షలతో మొదలుపెట్టండి. తర్వాత సైకియాట్రిస్టుకు చూపించండి. మీ ఊరి ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లోనే సైకియాట్రీ ఓపీ ఉంది. బాబు చదివేది సర్కారు బడి అయితే, ఆర్‌బీఎస్‌కే (పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) బృందం గురించి హెడ్‌మాస్టర్‌ను అడగండి. ఆ పథకం చూసే సమస్యల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ఎక్కడికెళ్లాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

థెరపిస్టు ఎంపికలో చాలామంది పొరబడేది బోర్డు మీది హోదా దగ్గర. మందు రాసేది డాక్టర్ మాత్రమే. పరీక్షలు పెట్టి బిహేవియర్ థెరపీ చేసే క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉండాలి. అయితే ‘మాకు ఆర్‌సీఐ నంబరుంది’ అన్నంత మాత్రాన సరిపోదు. ఆ కౌన్సిల్ స్పెషల్ ఎడ్యుకేటర్లు, వినికిడి నిపుణులు సహా చాలా రకాల వృత్తులవారిని నమోదు చేసుకుంటుంది. నంబరు అడిగి, ఏ విభాగంలో నమోదైందో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. బాబుతో రోజూ కూర్చునేది ఆ వ్యక్తేనా, కొత్తగా చేరిన ట్రైనీనా అన్నదీ అడగండి.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: ‘తల్లిదండ్రులమైన మాకు ఎన్ని సెషన్లు?’ ఈ వయసు పిల్లల విషయంలో థెరపీల్లో గట్టి ఆధారాలున్న పద్ధతి తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణ. పనిని చిన్న ముక్కలుగా ఎలా చెప్పాలి, మెప్పు ఎప్పుడు ఇవ్వాలి, ఏ అల్లరిని పట్టించుకోకూడదు అన్నవి నేర్పుతారు. దాంతో పాటు క్లాసులో టీచరు చేసే మార్పులు, అవసరమైతే మందు. బాబును గదిలోకి తీసుకెళ్లి మిమ్మల్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టే సెంటర్‌లో అరవై కాదు, నూరు సెషన్లు చేయించినా ఇంట్లో హోంవర్క్ గొడవ అలాగే ఉంటుంది. ‘మందుల్లేకుండా పూర్తిగా నయం చేస్తాం’ అన్నవాళ్ల దగ్గర్నుంచి మాత్రం వెంటనే లేచి వచ్చేయండి.

డబ్బు ఇలా సర్దుకోండి. డాక్టర్ ఫీజులకు, పరీక్షలకు ముందుగా 10,000 పక్కన పెట్టండి. తర్వాత తల్లిదండ్రుల శిక్షణ వారానికొకటి చొప్పున పది సెషన్లు, 1,500 లెక్కన 15,000. దాదాపు రెండున్నర నెలల ఖర్చు. అంటే ఇప్పటికి మీకు కావాల్సింది 25,000, అదీ ఒక్కసారిగా కాదు. నెలకు 6,000 జీతంలోంచి తీసి, తక్కువైతే ఎఫ్‌డీని హామీగా పెట్టి బ్యాంకును ఓవర్‌డ్రాఫ్ట్ (అప్పు) అడగండి. వాడుకున్నంతకే వడ్డీ పడుతుంది, ఎఫ్‌డీ కదలదు. ఆ 1.8 లక్షలు మీకు మూడు నెలల జీతం. ఉద్యోగం పోతే ఇంటిని నిలబెట్టేది అదే. డాక్టర్ మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందు రాస్తే దానికీ కొంత ఉంచండి. అది గట్టి నియంత్రణలో ఉన్న మందు, అన్ని షాపుల్లో దొరకదు, చీటీ కోసం డాక్టర్ దగ్గరికి మళ్లీమళ్లీ వెళ్లాల్సి వస్తుంది. దారిఖర్చులూ కలుపుకోండి.

మొదటి సెషన్‌లోనే రెండు లక్ష్యాలు కాగితం మీద రాయించుకోండి. ‘ఏకాగ్రత పెరగాలి’ అని కాదు. ‘20 నిమిషాల హోంవర్క్ రెండుసార్లకు మించి లేవకుండా పూర్తి చేయాలి’ అన్నట్టుగా. ఎనిమిదో సెషన్‌కు ఆ రెండింటిలో ఏ కదలికా లేకపోతే పద్ధతి మార్చమనండి, లేదా మనిషిని మార్చండి. సెషన్ సెషన్‌కు డబ్బు కడుతుంటే ఆ స్వేచ్ఛ మీ చేతిలో ఉంటుంది.

బీమా మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మానసిక అనారోగ్యానికీ శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలి. కానీ మామూలు పాలసీ ఆస్పత్రిలో చేరితేనే చెల్లిస్తుంది, థెరపీ ఏమో ఆస్పత్రిలో చేరకుండా అయ్యే ఓపీ ఖర్చు. మీవారి కంపెనీ గ్రూప్ పాలసీలో ఓపీడీ కవర్ ఉందా, ఉద్యోగుల కుటుంబాలకు ఉచిత కౌన్సెలింగ్ ఉందా అని హెచ్‌ఆర్‌ను అడగండి. ‘నిరామయ’ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం గురించి ఎవరైనా చెబితే, అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకు; ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉంటే వర్తించదు. రేపు కొత్త ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు ఈ నిర్ధారణను ప్రపోజల్ ఫారంలో దాచొద్దు. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వని తొలి గడువు) ఇప్పుడు గరిష్ఠంగా 3 ఏళ్లే. దాచారని తేలితే మాత్రం క్లెయిమే పోవచ్చు.

అడ్వాన్సు ఇప్పటికే ఇచ్చి ఉంటే, ఈ వారమే వాపసు అడుగుతూ వాట్సాప్‌లో కాకుండా ఈమెయిల్‌లో రాయండి. రసీదు ఫొటో జత చేయండి. తిరిగివ్వకపోతే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయొచ్చు.